ఆకలిగడ్డి మీద బావ

క్లోన్‌గార కొన మీద, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ అంచున, మొండిగోడల మధ్య ఒక గడ్డిచెక్క ఉంది. మా వైపు దాన్ని ఆకలిగడ్డి అంటారు. పెద్ద కరువులో తిండి కోసం నడిచి నడిచి అక్కడ కూలిపోయిన పెద్దల్నీ పిల్లల్నీ పూడ్చే దిక్కు కూడా లేకపోయిందట. దాని మీద కాలు పడితే చాలు — కడుపులో మంట, కాళ్లలో నీరసం. అందుకే ఆ దారిన వెళ్లేవాళ్లు జేబులో ఒక రొట్టెముక్క వేసుకుంటారు. భయమా అని అడిగితే, అబ్బే, అలవాటు అంటారు. నేనూ అదే అంటాను.

మా అక్క ఫిడెల్మా, బావ ఓరన్ ఏటా నవంబరులో సముద్రం వెంబడి ఆ కొన చుట్టి మా ఇంటికి నడిచొస్తారు. ఆ ఏడు వద్దన్నాను. వేసవిలోనే బావకి గుండె ఆపరేషన్ అయింది. వింటేగా.

"ఈసారి నడవకపోతే మీ అక్క నన్ను కుర్చీలోనే పాతేస్తుందిరా," అన్నాడు ఫోనులో.

పొద్దున పట్టిన వాన వదల్లేదు. మధ్యాహ్నం పొగమంచు కమ్మింది. దారి పోయింది. ఎటు నడిచినా మళ్లీ అదే విరిగిన కంచె ఎదురయ్యేసరికి అక్కకి ప్రాణం విసిగిపోయింది.

"కోటు తిరగేసుకో," అంది.

దారి తప్పించే మట్టి తొక్కితే కోటు తిరగేసి తొడుక్కోవాలని మా నాయనమ్మ చెప్పేది. ఇద్దరూ వణుకుతూ తిరగేసుకున్నారు. దారి నిజంగానే దొరికింది. దొరికి... తిన్నగా మొండిగోడల మధ్యకి తీసుకెళ్లింది.

బావ కూలబడ్డాడు.

"ఫిడెల్మా... ఆకలేస్తోంది."

"ఇంకొక్క మైలు. తమ్ముడు వండి పెట్టుంటాడు."

"నా వల్ల కాదే... కాళ్లు లేవడం లేదు."

మొహం పాలిపోయింది. ఫోను పలకలేదు. ఆ చలిలో, ఆ గుండెతో, అతను తెల్లారేదాకా బతకడని అక్కకి తెలుసు. రొట్టె కోసం బావ కోటంతా తడిమింది. తన ముక్క పొద్దునే తినేసింది మరి. కానీ చేతికి జేబులే తగల్లేదు. తిరగేసిన కోటుకి జేబులు లోపల పడతాయన్న సంగతి ఆ అలసటలో ఆమెకి తట్టలేదు. విప్పి తొడుక్కోవడంలో ముక్క జారిపోయిందనుకుంది. అతన్ని లేపే ఓపిక ఆమెకీ లేదు. తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

చీకటి పడింది. కాసేపటికి బావ గొణిగాడు.

"చెయ్యి తియ్యి... చల్లగా ఉంది."

"ఏ చెయ్యి?"

"కోటు లోపల పెట్టావే... అది."

అక్క చేతులు రెండూ అతని తల కింద ఉన్నాయి.

ఆ తర్వాత వినిపించిందట — పక్కనే, గడ్డిలో, ఎవరో నములుతున్న చప్పుడు. మెల్లగా... అయిపోతుందేమోనన్నట్టు, మెల్లగా.

చప్పుడు ఆగాక బావ లేచి కూర్చున్నాడు.

"ఆకలి పోయింది," అన్నాడు. ఒకరినొకరు పట్టుకుని కొండ దిగారు.

మా వంటింట్లో టీ తాగుతూ అక్క ఇదంతా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఒళ్లు అలిసిపోతే మనసు ఏమైనా వింటుంది.

"తిరగేసిన కోటుకి పైన జేబులెక్కడుంటాయి అక్కా? రొట్టె ఎక్కడికీ పోలేదు, చూడు," అంటూ కోటు సరిగ్గా తిప్పాను. జేబు మూత బొత్తాం పెట్టింది పెట్టినట్టే ఉంది. తీసి చెయ్యి పెట్టాను. చేతికి రొట్టె తగిలింది. గెలిచినట్టు బయటికి తీశాను.

సగమే ఉంది. కొరికిన చోట పళ్ల గుర్తులు... చిన్నవి. పాలపళ్లంత.

నా నవ్వు ఎటో పోయింది. బావ ఆ ముక్క అందుకుని గుర్తుల మీద వేలు పెట్టి చూశాడు.

"అంత ఆకలి మీద ఉండి కూడా," అన్నాడు, "నాకు సగం ఉంచింది."