రెండు సంతకాల ఇల్లు

"హీటర్ పెంచుతావా, దిగి నడిచి పొమ్మంటావా?" అంది కొరిన్.

"ఇంతకంటే పెరగదు. అయినా నీ కోపం ఉండగా హీటరెందుకు?" అన్నాడు డేరిల్.

విన్నిపెగ్‌లో ఫిబ్రవరి. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద. రోడ్డుకి అవతల వాళ్ళ సొంత ఇల్లు, అందులో కొనడానికొచ్చిన దంపతులు తీరిగ్గా తిరుగుతున్నారు. బేరానికొచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు కనబడకూడదంటూ ఏజెంటు జీనెట్ ఇద్దరినీ బయటికి తరిమేసింది. కొరిన్ కారు పొద్దున్నించీ స్టార్టవడం లేదు. ఇంజను గడ్డకట్టకుండా రాత్రి దాన్ని కరెంటు ప్లగ్గుకి తగిలించడం ఆమే మరిచిపోయింది. అదీ డేరిల్ తప్పేనని ఆమె నమ్మకం, ఎలాగన్నదే ఇంకా తేల్చుకోలేదు. అలా ఇన్నాళ్ళకి ఇద్దరూ డేరిల్ ట్రక్కులో ఇరుక్కున్నారు.

వాళ్ళు విడిపోయి రెండేళ్ళయింది. ఇల్లు మాత్రం విడిపోలేదు. ఐదేళ్ళ క్రితం పెళ్ళి కుదరగానే ఆ ఊళ్ళో అందరిలాగే పెళ్ళిఖర్చుల కోసం సోషల్ అనే విందు పెట్టారు. హాలు అద్దెకి తీసుకుని టికెట్లమ్మితే, చుట్టాలూ స్నేహితులూ వచ్చి తాగి గంతులేసి, జంటకి నాలుగు డబ్బులు మిగిల్చి పోయారు. ఆ డబ్బు పెళ్ళికి దాచకుండా వీళ్ళు ఇల్లు కొనడానికి ముందుగా కట్టే సొమ్ములో కలిపేశారు. పెళ్ళిదేముంది, ఎప్పుడైనా చేసుకోవచ్చనుకున్నారు. చేసుకోలేదు. ఇప్పటికీ కొట్లో ఎవరో ఒకరు "మా టికెట్ డబ్బులు ఎప్పుడిస్తావమ్మా?" అని ఇకిలిస్తారు. కొరిన్‌కి ఒళ్ళు మండిపోతుంది.

డేరిల్ తనకి చెప్పకుండా క్రెడిట్ కార్డు మీద పద్దెనిమిది వేల డాలర్ల అప్పు చేశాడని తెలిసిన రోజునే ఆమె ఉంగరం తీసి అతని ముందు పెట్టేసింది. మరి ఇల్లు? బ్యాంకుతో రాసుకున్న ఐదేళ్ళ వడ్డీ గడువు లోపల ఇంటి అప్పు తెంచుకుంటే బ్యాంకు వేసే జరిమానా ఇద్దర్నీ ముంచేస్తుంది. ఒకరి వాటా ఒకరు కొనే తాహతు ఎవరికీ లేదు. దాంతో ఆమె పైన, అతను బేస్‌మెంట్‌లో. వచ్చే నెలతో గడువు తీరుతోంది. కొత్త వడ్డీతో వాయిదా నెలకి ఆరు వందలు పెరుగుతుంది, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే అమ్మకం.

"ఊరొదిలి బ్రాండన్ వెళ్ళిపోతున్నావటగా?" అంది కొరిన్ కిటికీ వైపు తిరిగి.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారు. నువ్వెందుకు చెప్తావు? నీ నోట్లోంచి ఒక్క సంగతైనా ఊడిపడిందా ఎప్పుడైనా?"

"చెప్తే ఏం చేసేదానివి? సంచి సర్దిపెట్టేదానివా?"

మూడు వారాలుగా కొరిన్ ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. అమ్మొద్దు కొరిన్, అని ఈ మొద్దు ఒక్కసారి అంటే చాలు. గేటు దగ్గర అమ్మకం బోర్డు పాతిన రోజు కూడా అనలేదు సరికదా, నేల గడ్డకట్టిందని గునపం తెచ్చి సాయం చేశాడు! ఆ గునపంతోనే అతని నెత్తిన ఒక్కటివ్వాలనిపించింది.

ఇంతలో దంపతులు బయటికొచ్చారు. డేరిల్ తన చేతులతో కట్టిన మెట్లని ఆ మగాడు బూటుకాలితో తన్ని చూశాడు.

"ఇవి పీకి పారేద్దాం. పైన ఒకళ్ళు, కింద ఒకళ్ళు, రెండు అద్దెలొస్తాయి," అన్నాడు గట్టిగా.

"ఆ వంటిల్లు చూశావా? అంత పసుపేంటి బాబూ! ఎవరో కళ్ళులేనివాళ్ళు వేసినట్టున్నారు," అంటూ ఆవిడ పకపకా నవ్వింది.

కొరిన్ కిటికీ అద్దం దింపి తల బయటపెట్టింది. "ఆ కళ్ళులేనిదాన్ని నేనే! ఇంకేమైనా ఉన్నాయా?"

"ఆ మెట్లు ఇంకోసారి తన్ని చూడు, కాలుంటుందో లేదో చూద్దాం!" అటునించి డేరిల్ అరిచాడు.

వాళ్ళు బిత్తరపోయి కారెక్కారు. ఐదు నిమిషాలకి జీనెట్ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది కొరిన్.

"మీరేం కేకలేశారో నేను వినలేదు, వాళ్ళూ పట్టించుకోలేదు. అడిగినంతా ఇస్తారట, ఏ షరతూ లేదు. ఆరింటికల్లా జవాబు కావాలి. గుర్తుందిగా, ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే." ఫోన్ పెట్టేసింది.

"సరేనని చెప్పెయ్," అన్నాడు డేరిల్.

"అంతేనా? అంత తేలికా నీకు?"

"నీకు కావలసింది అదేగా! నా పీడ వదిలితే చాలనుకుంటున్నావుగా!"

"నేనన్నానా? ఎప్పుడన్నాను?"

"ఉంగరం పెట్టేసి లోపలికెళ్ళి తలుపేసుకున్నావు. అనడమంటే ఇంకెలా?"

"పద్దెనిమిది వేలు! మంచులో షికారు తిరిగే ఆ స్నోమొబైల్ మీద తగలేసినవాడికి హారతి పట్టాలా?"

"స్నోమొబైలా?" డేరిల్ స్టీరింగ్ మీద గుద్దాడు. "దానికి పైసా పెట్టలేదు. ఆ ఏడాది మా వర్క్‌షాప్‌లో నా పనిగంటలు సగం కోసేశారు. ఇంటి వాయిదాలో నా సగం కార్డు మీద తీసి కట్టాను. ఆ అప్పు అదే! ఈ ఇల్లే!"

కొరిన్ సీట్లో పూర్తిగా అతని వైపు తిరిగింది. గొంతు పెద్దగానే లేచింది.

"ఇరవై శాతం వడ్డీకి తెచ్చి మూడు శాతం అప్పు కట్టావా? బుర్రుందా నీకు?"

"లేదు."

"నాతో చెప్పి ఏడవచ్చుగా!"

"ఆసుపత్రిలో రెండేసి డ్యూటీలు చేసొచ్చి బూట్లు కూడా విప్పకుండా పడి నిద్రపోయేదానివి. నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదు."

"మరి ఆ అప్పు?"

"ఊళ్ళోవాళ్ళ వాకిళ్ళలో చలికాలం మంచు తోడి, ఎండాకాలం గడ్డి కోసి తీర్చాను. పోయిన అక్టోబరుతో అయిపోయింది."

"అదీ చెప్పలేదు!"

"నువ్వు అడగలేదు కొరిన్! తిట్టావు, శపించావు, నా గిన్నెలన్నీ మెట్ల మీంచి కిందికి విసిరావు. ఎందుకు చేశావురా అని ఒక్కసారి అడగలేదు."

నిజమే, అడగలేదు. తన మీద తనకి ఎంత కోపమొచ్చిందంటే, పట్టలేక మందపాటి చేతితొడుగుతో అతని భుజం మీద దబదబా బాదింది. బాదుతూనే ఏడ్చింది. అతను కదలకుండా కూర్చున్నాడు.

అప్పుడు కళ్ళు తుడుచుకుని జీనెట్‌కి ఫోన్ కలిపింది. "అమ్మం. ఆ బోర్డు పీకించెయ్యండి."

"అమ్మా, డేరిల్ కూడా ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాడు. చెప్పు!" అంటూ ఫోన్ అతని మూతి దగ్గర పెట్టింది.

"ఆవిడెలా అంటే అలాగే..."

"నీ మాటగా చెప్పు!"

డేరిల్ గొంతు సవరించుకున్నాడు. "నాకు ఇల్లమ్మడం ఇష్టం లేదు జీనెట్. బ్రాండన్ వెళ్ళడం అంతకన్నా ఇష్టం లేదు. ఈ మనిషి తిట్లు వినకుండా ఒక్కరోజు కూడా ఉండలేను."

"నా కమీషన్ మట్టిగొట్టుకుపోయింది," అంది జీనెట్. "ఇద్దరూ ఇంట్లోకెళ్ళి ఏడవండి, ట్రక్కులో గడ్డకట్టిపోతారు."

కొరిన్ అతని చేతితొడుగు లాగేసి, చల్లబడ్డ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంటి అప్పు మొత్తం తీరడానికి ఇంకా ఎన్నేళ్ళు?" అడిగాడు డేరిల్.

"ఇరవై."

"నన్ను తిట్టడానికి సరిపోతాయా?"

"చాలవు," అంది కొరిన్, ఇంకా కోపంగానే.