గోల్ఫ్ గుంతలో మందారపువ్వు

“గిదెవలు చేసిండ్రు?”

భవ్యశ్రీ అరుపుకు పిట్టగోడ మీది కాకి లేచిపోయింది.

నిన్న బాపుతో కలిసి పెరట్లో పరిచిన పచ్చ ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్ మీద పెండనీళ్ళ చారలున్నాయి. వాటి మీద ముగ్గు ఉంది. రెండు ముక్కల్ని కలిపి అతికించిన చోట అంచు పైకి లేచింది. బంతి పడాల్సిన గుంతలో మందారపువ్వు ఉంది.

వెనకే వచ్చిన ఆఫ్రీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె పక్కింటి అమ్మాయి. ఇద్దరిదీ ఒకటే క్లాసు. ఆదివారం కదా, మొదటి ఆట ఆడదామని వచ్చింది.

“నవ్వకే! నా చేతులు చూడు, బొబ్బలు!”

భవ్యశ్రీ బాపు లక్ష్మణ్ కరీంనగర్‌లో బాక్స్ క్రికెట్ గ్రౌండ్లకు టర్ఫ్ పరుస్తాడు. ఒక హోటల్ పనిలో పొట్టి గడ్డి ముక్కలు రెండు మిగిలితే ఇంటికి తెచ్చాడు. టీవీలో గోల్ఫ్ చూసినప్పటి నుంచి భవ్యశ్రీ అడుగుతూనే ఉంది మరి. నిన్న ఇద్దరూ మట్టి చదును చేశారు. కంకర పొడి పోసి దిమ్మిసతో కొట్టారు. టర్ఫ్ పరిచి, అతుకు కింద జిగురు రాశారు. గుంత కోసం ప్లాస్టిక్ డబ్బా పాతారు.

ముగ్గు గిన్నెతో బాపమ్మ వచ్చింది. లక్ష్మణ్ తల్లి, పేరు ఐలవ్వ. రోజూ పొద్దున తులసి గద్దె ముందు పెండ కలిపిన నీళ్ళు చల్లి ముగ్గు వేస్తుంది. ఆ సాన్పి చల్లనిదే ఆమె టీ తాగదు.

“నేనే బిడ్డా. మంచిగ లేదా? గుంత సక్కగ నడిమిట్ల ఉన్నది. ఉత్తగెందుకని పువ్వు పెట్టిన.”

“అంత ఖరాబు చేసినవ్! తెల్వనిది ఎందుకు ముట్టుకుంటవ్? నీకెవలు చెప్పిండ్రు?”

“నువ్వే చెప్పినవ్. అడిగిన గదా.”

“అబద్ధం! నువ్వు అడగనే లేదు!”

ఆఫ్రీన్ నవ్వడం మానేసింది.

“అడిగిందే,” అంది. “నిన్న మాపటికి మనం ఫోన్ల గోల్ఫ్ వీడియో చూస్తున్నం. ‘గడ్డి మీద సాన్పి చల్లాల్నా, వద్దా?’ అని అడిగింది. నువ్వు ‘ఆఁ, చల్లు చల్లు’ అన్నవ్. తలకాయ గూడ లేపలే.”

భవ్యశ్రీ టర్ఫ్ మీది ముగ్గు వైపు చూసింది.

ఐలవ్వ గిన్నెను గద్దె మీద ఠక్కున పెట్టింది.

“గీ ఇంటికి కోడలుగ వచ్చినప్పటి సంది గీడ సాన్పి చల్లుతున్న. నా జాగల చాప పరిచిండ్రు. నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? నేను అడిగిన. అడిగినందుకు అబద్ధాలదాన్నయిన! పోత, ఇచ్చోడ ఊరికి పోత. నా బిడ్డ పద్మలత ఇంట్ల మట్టి వాకిలి ఉన్నది.”

విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

లక్ష్మణ్ బయటికి వచ్చాడు. లేచిన అంచును వేలితో నొక్కి చూశాడు.

“జిగురు ఆరేదాక నీళ్ళు పడొద్దని బాపమ్మకు చెప్పమన్న. చెప్పినవా?”

“మర్చిపోయిన. అయినా...”

“అయినా ఏంది?”

లక్ష్మణ్ తులసి గద్దె వైపు చూశాడు. టర్ఫ్ గద్దెను ఆనుకుని ఉంది. ముగ్గు వేయడానికి జానెడు మట్టి కూడా మిగల్లేదు.

“టేపు పట్టి అంతా కొలిచిన,” అన్నాడు మెల్లగా. “అవ్వను అడుగుడే మర్చిన.”

భవ్యశ్రీకి ఇంకా కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలియలేదు. ఆఫ్రీన్ వైపు గుర్రుగా చూసింది.

“నన్ను చూస్తే ఏమొస్తదే?” అంది ఆఫ్రీన్. “లోపలికి పో.”

లోపల ఐలవ్వ చీరలు మడిచి సంచిలో పెడుతోంది.

“బాపమ్మా.”

ఐలవ్వ మడిచిన చీరను సంచిలో కుక్కింది.

“నువ్వు అడిగినవ్. నేనే ఇనలే. మల్ల నిన్నే అబద్ధాలదానివన్న.”

ఐలవ్వ ఇంకో చీర మడిచింది. “ఇప్పుడు ఇనవడ్తుందా?”

“ఇనవడ్తుంది.”

“అయితే ఇను. నీ ఆటకు నేను అడ్డం రాను. నా పనికి మీరు అడ్డం రావద్దు.”

భవ్యశ్రీ బయటికి పరుగెత్తి ముగ్గు గిన్నె తెచ్చింది. బాపమ్మ ముందు పట్టుకుని నిలబడింది.

“నీకు ఏడిదాక జాగ కావాల్నో నువ్వే గీత గియ్యి. బాపు గాడికి కోస్తడు.”

ఐలవ్వ మనవరాలి మొహం చూసింది. గిన్నె అందుకుంది.

టర్ఫ్ మీద ముగ్గుతో గీత గీసింది. ఒక చివర గద్దె, ఇంకో చివర నీళ్ళ నల్లా.

“అవ్వా, జర ఇటు జరుగుతవా?” అన్నాడు లక్ష్మణ్. “గుంత పోతది.”

“గుంత ఉన్నది తియ్. నేను చూసుకునే గీసిన.”

నిజమే. గుంతకు బెత్తెడు దూరంలో ఆగింది గీత. లక్ష్మణ్ కత్తితో దాని వెంట కోసి గద్దె ముందటి ముక్క తీసేశాడు. ఆఫ్రీన్ పైపు పట్టింది. భవ్యశ్రీ బ్రష్‌తో చారలు రుద్దింది. టర్ఫ్ ఆరాక అతుకుకు మళ్ళీ జిగురు రాశారు. సంచి అటకెక్కింది.

మర్నాడు బడి నుంచి రాగానే ఇద్దరూ ఆటకు దిగారు. ఆఫ్రీన్ ఒక పాయింట్ ముందుంది. భవ్యశ్రీ బంతి గుంతకు మూరెడు దూరంలో ఆగింది. ఇది వేస్తే సమానం. ఆమె స్టిక్ వెనక్కి ఎత్తింది.

వంటింట్లోంచి బాపమ్మ ఏదో అడిగింది.

“ఆఁ...” అనబోయింది భవ్యశ్రీ. నోరు మూసుకుంది. స్టిక్ గడ్డి మీద పెట్టి వంటింటి గుమ్మం దాకా నడిచింది.

“ఏమన్నవ్ బాపమ్మా? మల్ల చెప్పు.”

“గా గుంతల పువ్వు పెట్టొచ్చునా అని అడిగిన.”

భవ్యశ్రీ గుంత వైపు చూసింది.

“ఆట అయినంక పెట్టు. పువ్వు నేను కోసిస్త.”