అభ్యంతరం డ్రమ్ము మీద

పెద్దముడియం చర్చిలో జీవన్ కుమార్, తబితాల పెళ్లి ప్రకటన రెండోసారి చదివి, "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పవచ్చు" అని పాస్టరుగారు మామూలుగానే ఆగారు. ఆగింది ఊపిరి పీల్చుకోవడానికే. ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ చెప్పలేదు.

లీలమ్మ లేచి నిలబడింది.

ఆడవాళ్ల వైపు మూడో వరసలో ఉన్న తబితా తలెత్తి చూసింది. లీలమ్మది పెళ్లికొడుకు పక్కిల్లు.

"పెళ్లి మీద కాదయ్యా, డ్రమ్ము మీద. నాలుగు దినాలుగా ఆ కంపుకు అన్నం లోపలికి పోతాండ్లే."

డ్రమ్ము సంగతి ఊరందరికీ తెలుసు. జీవన్ ప్రొద్దుటూరు చేపల మార్కెట్టులో పారేసే తలకాయలూ పేగులూ తెచ్చి, నూరి, బెల్లమూ పెరుగూ కలిపి, మూడు వారాలు గాలి తగలకుండా పులియబెడతాడు. తవుడులో కలిపి వేస్తే కోళ్లు ఎగబడి తింటాయి. సరిగ్గా పులిస్తే దోసెపిండి వాసనే వస్తుంది. ఈసారి మాత్రం ఊళ్లోకొచ్చే బస్సు కిటికీలు కూడా మూసేస్తున్నారు.

మగవాళ్ల వైపు జీవన్ లేచాడు. "బెల్లం తక్కువేసినా. తప్పు నాదే అత్తా."

అది పచ్చి అబద్ధమని తబితాకు తెలుసు.

"చేసే పనే చేతగానోనికి పిల్లనెట్లిచ్చేది?" అన్నాడు ఆమె తండ్రి చెన్నయ్య. "మూడోసారి చదవద్దండయ్యా."

మూడోసారి చదవకుంటే పెళ్లి లేదు. చెన్నయ్య ఒకసారి వద్దంటే మళ్లీ ఔననడు. నోరు మూసుకుంటే పెళ్లి పోతుంది, తెరిస్తే పరువు పోతుంది. తబితా కాసేపు ఆలోచించింది. పరువు లేకపోయినా బతకవచ్చుననిపించింది.

"డ్రమ్ము మూత తీసింది నేను," అంది లేచి. "మంగళవారం. ఆవకాయ మూడోరోజు తిరగ్గలపాల గదా, ఇదీ అంతేనేమో అనుకుంటి. తెడ్డేసి బాగా కలిపి, జాడీకి కట్టినట్టు గుడ్డ కట్టొచ్చినా. మూత పెట్టలే."

ఆడవాళ్లలో కొందరు తలూపారు. ఆవకాయ వరకు ఆమె చెప్పింది సరైనదే.

"పెళ్లి కాకుండానే వాళ్లింటికి ఎందుకు పోయినావు?" అంది లీలమ్మ.

"చూడబుద్ధయింది."

"డ్రమ్మునా?"

"ఆయప్పను. ఆ పొద్దు ప్రొద్దుటూరికి పోయినాడంట. డ్రమ్మే ఉండె."

చెన్నయ్య జీవన్ వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"డ్రమ్ముకు కట్టింది తబితా చున్నీ మామా. చూస్తూనే తెలిసె."

"మరి బెల్లమంటివే?"

"బెల్లానికి పరువు పోదు గదా."

తబితాకు అతని మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఉన్నది చర్చిలో కాబట్టి తల దించుకుంది.

"చెన్నయ్యా, ఇంతకూ వచ్చేవారం చదవాలా, వద్దా?" అన్నారు పాస్టరుగారు.

చెన్నయ్య ఆరాధన ముగిసేదాకా నేలచూపులు చూస్తూనే ఉన్నాడు.

బయట వేపచెట్టు కింద జీవన్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. తబితా చెప్పులు వేసుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపే తీసుకుంది.

"డ్రమ్ము కడిగి, ఈ పొద్దే కొత్తగా కలుపుతాండా," అన్నాడతను ఎటో చూస్తూ. "వస్తావా?"

తబితా తండ్రి వైపు చూసింది. చెన్నయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పదండి, నేనూ వస్తా," అన్నాడు. "మూత నేను బిగిస్తా."