తినడానికే పెట్టిన మొక్కలు

మెక్సికోలోని మోంక్లోవాలో మార్చి ఉదయం. మరీబెల్ పెనం మీద రొట్టెలు కాలుస్తూ పెరట్లోకి చూసింది. అత్తగారు హసింతా నడుం వంచి మొక్కల మీద ఏదో చల్లుతోంది. కొడుకు పోయాక కోడలి దగ్గరికొచ్చిన ఆవిడ చేతులు ఒక్క క్షణం ఊరుకోవు.

ఆ పాలు కారే మొక్కలు మరీబెల్ భర్త దామియాన్ నాటినవి. ఉత్తరానికి పోయే మోనార్క్ సీతాకోకచిలుకలు వసంతంలో ఆ ఆకుల మీదే గుడ్లు పెట్టేవి. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని అక్కడ గొంతుక్కూర్చునేవాడు. రెక్కలొచ్చి ఎగిరిన ప్రతిదానికీ గోడ మీద సుద్దతో ఒక గీత. రొట్టె చల్లారిపోతోందని అరిచినా లేచేవాడు కాదు. ఈ ఏడు ఆ గీతలు తను గీస్తానని ఆసుపత్రిలో అతనికి మరీబెల్ మాటిచ్చింది.

ఘాటు వాసన తగిలింది. పొగాకు నీళ్లు. ఆమె పరుగెత్తింది. చారల పురుగులు నేలరాలి మెలికలు తిరుగుతున్నాయి.

“ఏం పని చేశారత్తయ్యా ఇది?”

“పురుగులు ఆకంతా నమిలేస్తుంటే నువ్వు చోద్యం చూస్తున్నావు. వాడి చేత్తో పెట్టిన మొక్కలే. నాకింకేం మిగిలింది?”

“ఆ పురుగులు తినాలనే పెట్టాడు. సీతాకోకచిలుకలయ్యేవి అవే. మీరు అతన్ని మళ్లీ చంపేశారు.”

హసింతా చేతిలో డబ్బా జారిపోయింది. “పద్దెనిమిది పిల్లలున్నాయమ్మా అని వాడు ఫోన్లో అంటే కోడిపిల్లలనుకున్నానే” అంది మెల్లగా.

రొట్టెలు మాడిపోయాయి. అన్న మాటకు మరీబెల్ లోపల కుమిలిపోయింది. మధ్యాహ్నం చూస్తే, అత్తగారు ఇంకా ఎండలోనే ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ఆకూ తిరగేసి తడిగుడ్డతో తుడుస్తోంది.

“లోపలికి రండత్తయ్యా. నోరు జారాను, తప్పు నాదే.”

“ష్. ఇటు రా.”

తొట్టి వెనక, పొగాకు నీళ్లు తగలని చిన్న మొక్క మీద ఒకే ఒక్క పురుగు. ఆకు అంచు పట్టుకుని తల ఎత్తకుండా తింటోంది.

“చిన్నప్పుడు వాడూ ఇంతే. కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు” అంది హసింతా.

మరీబెల్ ఆవిడ పక్కనే కూర్చుని, జేబులోని సుద్దముక్క తీసి ఆ తడి చేతిలో పెట్టింది. హసింతా దాన్ని గట్టిగా పట్టుకుని, ఎండ తగలకుండా మొక్కకు తన శాలువా అడ్డం పట్టింది.

“తిను నాయనా, కడుపునిండా తిను” అంది.