మెట్ల కింద మూట

బరంపురం బడా బజార్‌లో, మందుల దుకాణం మేడ మీదున్న ప్రైవేటు డిటెక్టివ్ భీమేశ్వరరావు ఆఫీసులోకి జయలక్ష్మి రొప్పుతూ వచ్చింది.

"మా పనిమనిషి సీతాలు నా మీద కక్ష కట్టిందండి! దాన్ని మాన్పించి మూడ్రోజులైంది. అయినా ఈ పొద్దు మల్లీ కరెంటు బ్రేకర్ పడిపోయింది. దొంగతనంగా వొచ్చి కట్టేసి పోతంది."

"మీరు సూసినారా?" అడిగాడు భీమేశ్వరరావు.

"ఈదిలో అందరికీ సెప్పేసినాను, దాన్ని పన్లో ఎట్టుకోవద్దని."

అడిగిందొకటి, చెప్పిందొకటి. అసిస్టెంటు సాయిపద్మ ఆ మాట చప్పున రాసుకుంది.

"ఏ ఏళప్పుడు పడతంది?"

"పొద్దున్నే, బట్టలుతికినాక. ఈ పొద్దు నానే ఉతుక్కున్నాను."

ఆ ఊళ్లోనే అంకులి పేటలో ఉన్న ఆ ఇంటికి వెళ్లి చూస్తే బ్రేకర్ మీట సగంలో ఆగి ఉంది. భీమేశ్వరరావు అన్ని లైన్లూ ఆపి, మెయిన్ ఎత్తి, ఒక్కొక్కటే వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ ఆడింది. నీళ్ల మోటారు లైను వేయగానే మెయిన్ టప్పున పడిపోయింది. ట్యాంకు తగ్గితే మోటారు దానంతటదే ఆడుతుందని జయలక్ష్మి భర్త శివరామ్ చెప్పాడు.

మోటారు బోర్డు మెట్ల కింద ఉంది. దాని మీద తెల్లటి పెచ్చు. పైన కర్టెన్ వేసిన గూడు. కింద ఓ పిల్లి కదలకుండా కూర్చుంది.

"ఆ గూట్లో ఏటీ లేదండి," అంది జయలక్ష్మి, ఎవరూ అడక్కుండానే.

సాయంత్రం భీమేశ్వరరావు అందరినీ వరండాలో కూర్చోబెట్టాడు. సాయిపద్మ వెళ్లి సీతాలును వెంటబెట్టుకొచ్చింది. ఎదురింటావిడ పిలవకుండానే వచ్చింది.

"సేత్తో దించితే ఈ మీట పూర్తిగా కిందకెల్తాది. సగంలో ఆగిందంటే దానంతటదే పడినట్టు. బట్టలుతికితే ట్యాంకు ఖాళీ, మోటారు ఆడతాది, బ్రేకర్ పడతాది. ఉతికింది సీతాలైనా ఒకటే, మీరైనా ఒకటే. బోర్డు మీద తెలుపు ఉప్పు. ఈ వానల తేమకి కరిగి లోపలికి కారతంది, దాంతో కరెంటు లీకవతంది. ఆ ఉప్పు ఎక్కడిదో మీరే సెప్పండమ్మా."

జయలక్ష్మి తల వాలిపోయింది. రామయ్యపట్నం నుంచి అమ్మ పంపిన ఉప్పుచేపలవి! వాసనకి వీధిలోవాళ్లు మొహాలు చిట్లిస్తే, అవి తినడం మానేశామని అందరికీ చెప్పుకుంది. మూట గూట్లో దాచి, తలుపులేసుకుని తింది. పుట్టింటి తిండికి సిగ్గుపడి, ఓ మనిషి పొట్టకొట్టింది, చూడండి!

శివరామ్ మూట దించాడు. వాసన గుప్పుమంది. సాయిపద్మ మెచ్చుకోలుగా డిటెక్టివ్ వంక చూసింది గానీ, జయలక్ష్మి మొహం చూడలేక కళ్లు దించుకుంది.

"అదక్కడున్నాదని నాకు తెల్సమ్మా," అంది సీతాలు మెల్లగా. "గూడు తుడిసేది నానే కదా."

"మరి నానంతలేసి మాటలంటే సెప్పలేదేటే?"

"మీరు దాసుకున్నారు కదా. నలుగుర్లో ఎలా సెప్తాను?"

జయలక్ష్మికి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. లేచి ఎదురింటావిడ ముందు నిలబడింది.

"వదినా, సీతాలు ఏటీ సెయ్యలేదు. మానేసినామని నానే అబద్దమాడినాను. ఆ ఉప్పుసేపలు నావే."

ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. సీతాలు వద్దంటున్నా వినకుండా జయలక్ష్మి గేటు దాటింది. అబద్ధం చెప్పిన ఇళ్లు ఇంకా పద్నాలుగున్నాయి. పక్కింటి తలుపు తట్టింది.