ఆరని పచ్చచుక్క

"మిషన్ చిన్నదే, అర్షియా." హైదరాబాదు నుంచి ఫోన్‌లో చీఫ్ గొంతు. "విదేశీ ముఠాపై సాక్ష్యం చెప్పబోయే ఇంజనీరు తిమ్మప్ప కారు పదకొండున్నరకు ఖిల్లా ఘణపూర్ దాటాలి. కోట మీద రియాజ్ కాపలా. నీ స్క్రీన్ మీద అతని చుక్క పచ్చగా ఉందంటే దారి సేఫ్."

2007 ఎండాకాలం. వనపర్తి బస్టాండు వెనక ఇంటర్నెట్ కేఫ్. దాని ఓనరు వేషంలో ఉన్న ఏజెంట్ అర్షియా పెదవి విరిచింది.

"పచ్చచుక్కను నమ్మొద్దు సార్. ఫోన్ పలిగిపోయినా గంటదాంక సర్వర్‌కు తెల్వదు. ఒక్కో ఫోన్‌ది ఒక్కో పద్ధతి. అన్నిటికి ఒకటే రూల్ ఉండాలె. సర్వర్ "పింగ్" అని పిలిస్తె, ముప్పై సెకండ్లల్ల ఫోన్ జవాబియ్యాలె. ఇయ్యకుంటె లైన్ తెగినట్టే. ప్రోగ్రాం అన్ని ఫోన్లల్ల ఎక్కించిన. ఆన్ చేసుడే మిగిలింది."

"షాజియా వద్దంది. చెయ్యకు. ఇట్స్ యాన్ ఆర్డర్."

నెట్‌వర్క్ సలహాదారు షాజియా ఎదురుగానే కూర్చుంది. గద్వాల పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు.

"సర్వర్‌కు అనవసరపు బరువు, డియర్," నవ్విందామె.

పదకొండు ఇరవై ఏడు.

"సస్పెండ్ చేసుకోండ్రి సార్." అర్షియా ఎంటర్ నొక్కింది.

గద్వాల ఏజెంటు ఫోన్ రెండు సెకండ్లలో పలికింది. వడ్డేపల్లిది మూడింటిలో. రియాజ్‌ది పలకలేదు. పది. ఇరవై. ముప్పై. చుక్క ఆరిపోయింది.

షాజియా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది. పిస్టల్ సగం బయటికి వచ్చేలోపే అర్షియా విసిరిన స్టీలు ఫ్లాస్కు ఆమె మణికట్టుకు తగిలింది. పిస్టల్ కింద పడింది. అర్షియా దాన్ని అందుకుని, రెండో చేత్తో తిమ్మప్ప డ్రైవరుకు ఫోన్ కొట్టింది. కారు ఆపడానికి కోడ్ ఒకటే.

"రొట్టె మాడింది!"

బ్రేకులు కీచుమన్నాయి. మరుక్షణం ఫోన్‌లో పెద్ద పేలుడు.

పిస్టల్ షాజియా మీదే గురిపెట్టి, అర్షియా ఫోన్ చెవికి నొక్కుకుంది.

"మేడం..." డ్రైవరు గొంతు. "బాంబు మా ముందర్నే పేలింది. మేం బాగనే ఉన్నం. సార్ బతికిండు!"

"రియాజ్ ఏడి?" షాజియా వైపు తిరిగింది అర్షియా.

"కోటలో. కట్టేశాం. ఫోన్ పగలగొట్టాం. చుక్క వెలుగుతూనే ఉంటుందనుకున్నాం." షాజియా పళ్ళు కొరికింది. "ఆ దిక్కుమాలిన రూల్..."

గంటలో పోలీసులు రియాజ్‌ను విడిపించి వనపర్తి దవాఖానకు తెచ్చారు. తలకు నాలుగు కుట్లు, నోరు మాత్రం భద్రం.

సాయంత్రం చీఫ్ ఫోన్. "ఆ పింగ్ రూల్ ఇక అందరికీ తప్పనిసరి. నువ్వు మాత్రం ఆర్డర్ ధిక్కరించావు. సంజాయిషీ రాసివ్వాలి."

"రాస్త సార్," అంది అర్షియా. "ఎన్ని కాపీలు గావాలె?"