చొక్కా వాసన

బట్టలు నానబెట్టే ముందు కొడుకు చొక్కా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోవడం సుధామణికి అలవాటు. రంగుల్లో కలిపే థిన్నర్ వాసన గుప్పుమంటే, అమ్మయ్య, పనికి వెళ్తున్నాడు అనుకునేది. భర్త బసవయ్య ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేస్తాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో అన్నం ఆ వాసనలోనే ఉడికింది. ఇంటర్ తప్పి ఊరి మీద పడ్డ హర్షవర్ధన్‌ని, తండ్రి దగ్గరైతే పని రాదని స్నేహితుడు జక్కయ్య షెడ్డులో పెట్టించాడు బసవయ్య. అప్పటినుంచీ ఆమె కంటినిండా నిద్రపోతోంది. పిచ్చి తల్లి!

ఆ ఉదయమూ నిన్నటి చొక్కా వాసన చూసి, తృప్తిగా బకెట్లో వేసింది. అంతలో వార్డు నర్సు హెప్సిబా హర్షని ఆటోలోంచి పట్టుకుని దింపింది. పనికని పెందలాడే వెళ్ళినవాడు కాలువ గట్టున పడి ఉన్నాడట. కళ్ళు ఎర్రబడ్డాయి. నోటి చుట్టూ ఉన్న పుళ్ళు వేడి చేసినవనుకుని సుధామణి రోజూ మజ్జిగ తాగిస్తోంది.

"గుడ్డలో థిన్నర్ పోసుకుని పీలుస్తున్నాడమ్మా. చాన్నాళ్ళ నుంచీ అలవాటైనట్టుంది" అంది హెప్సిబా.

ఇంట్లోంచి వచ్చిన బసవయ్య నవ్వేశాడు. "ఆ వాసన మా ఇంట్లో అందరి దగ్గరా వస్తుందండీ. అది మా కూడు."

డీఅడిక్షన్ సెంటర్ మాట ఎత్తేసరికి ఆ నవ్వు పోయింది. పిల్లాడికి ఆ ముద్ర పడితే రేపు ఎవడు పనిస్తాడని మండిపడ్డాడు. హెప్సిబా వాదించలేదు. జక్కయ్యకు ఒక్క ఫోను చెయ్యమంది. వానాకాలం నుంచీ కుర్రాడు పనిలోకే రావడం లేదనీ, చెబితే బాధపడతావని ఊరుకున్నాననీ జక్కయ్య నీళ్ళు నమిలాడు.

"నేను రోజూ వాసన చూశాను కదండీ" అంది సుధామణి, బకెట్ వంకే చూస్తూ. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని హెప్సిబా మెల్లగా చెప్పింది. బసవయ్య చొక్కా తొడుక్కుని, కొడుకుని పట్టుకుని ఆటో ఎక్కాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు. కొన్నాళ్ళకు సెంటర్ నుంచి హర్ష చిక్కి ఇంటికొచ్చాడు. ఆ వాసన తగలకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. బసవయ్య వేరే పని కోసం తిరగని చోటు లేదు. బ్రష్షు తప్ప మరొకటి తెలియని మనిషికి ఆ వయసులో ఎవరిస్తారు? సబ్బులన్నీ అరిగాయి కానీ, ఇంగువ కట్టిన గుడ్డలాగా ఒంటిని పట్టిన వాసన వదల్లేదు. చివరికి తన పడక తను రంగులేసే షెడ్డుకు మార్చాడు. రాత్రి భోజనానికి మాత్రం వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని తినిపోయేవాడు.

ఒకరోజు హర్ష మంచినీళ్ళ గ్లాసుతో గడప దాటాడు.

"అక్కడ పెట్టి లోపలికి పోరా" అన్నాడు బసవయ్య.

హర్ష కదల్లేదు. "నువ్వు సందు మలుపు తిరిగేసరికే నాకు తెలిసిపోతోంది నాన్నా. నువ్వొస్తున్నావని సంతోషం కాదు. మళ్ళీ పీల్చాలనిపిస్తోంది."

బసవయ్య ముద్ద కంచంలో వదిలేశాడు. "రేపటినుంచి రాన్లే నాన్నా" అన్నాడు. కొడుకుని నాన్నా అని పిలిచి ఎన్నేళ్ళయిందో.

"రా నాన్నా, రా. నువ్వొచ్చినప్పుడు నేను తలుపేసుకుంటాను" అంటూ హర్ష ఏడ్చేశాడు. లోపలికెళ్ళి తలుపేసి, గొళ్ళెం పెట్టాడు.

పెళ్ళయిన కొత్తలో ఆ మనిషి ఇంటికి రాకముందే ఆ వాసన కోసం గుమ్మంలో నిలబడేది సుధామణి. ఇప్పుడు కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, కొంగు వాడి ముక్కుకు అడ్డం పట్టింది. అవతల బసవయ్య కంచం కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"గొళ్ళెం తియ్యకే. కంచం ఇక్కడే బోర్లిస్తున్నా" అన్నాడతను.